ఇంకొక్క రోజు ఆడి లేస్తా: హీరోస్ 3 మనల్ని ఎందుకు వదలదు

మీరు అడిగింది ఇది. హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 రెండు వారాలుగా ఆడుతున్నారు. 1999 నాటి కంప్యూటర్ ఆట, ఊళ్లు కట్టుకుని, సైన్యం కూర్చి, హీరోలను మ్యాప్ మీద నడిపి ప్రత్యర్థి ఊళ్లు పట్టుకోవడమే పని. బొమ్మలు పాతవి, కథ కూడా పెద్దగా గుర్తుండదు. ఆటలోని క్యాలెండర్‌లో రెండో నెల వచ్చేసరికి కంప్యూటర్ వచ్చి మీ ఊరు పట్టుకుంటోంది. అయినా రాత్రి రెండింటి దాకా కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. ఇందులో ఏముంది, ఎందుకింత లాగుతోంది అన్నారు.

నేను ఈ ఆట 2001లో మొదలుపెట్టాను. విద్యానగర్‌లో మా పెదనాన్న వాళ్లింట్లో అన్నయ్య చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని బిగించిన కంప్యూటర్ మీద. ఇప్పటికీ ఆదివారం సాయంత్రాలు ఆడుతూనే ఉన్నాను. మధ్యలో ఇలాంటి ఆటలు చాలా పట్టుకుని వదిలేశాను, దీన్ని మాత్రం వదల్లేదు. ఎందుకో నాకు అర్థమైనంత వరకు చెప్తాను, కొంచెం పొడుగ్గానే.

చాలామంది దీన్ని సైన్యాల ఆట అనుకుంటారు. నా లెక్కలో ఇది రోజుల ఆట. ఇందులో బంగారం, కలప, ఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికాలు, రత్నాలు అని ఏడు వనరులు తెర అడుగున కనిపిస్తూ ఉంటాయి. ఎనిమిదోదాన్ని ఎవరూ వనరుగా లెక్కపెట్టరు, అది రోజు. ఒక టర్న్ అంటే ఒక రోజు. ఆ రోజులో మీ హీరో ఎంత దూరం నడవగలడో అంతే నడుస్తాడు, ఒక ఊళ్లో ఒక్క కట్టడమే కట్టగలరు. బంగారం అయిపోతే రేపు వస్తుంది. నిన్న తప్పు దారిలో నడిపిన రోజును మాత్రం ఏ గనీ తెచ్చివ్వదు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి ఎంత దూరమంటే మనమెవరం కిలోమీటర్లు చెప్పం. ఎన్ని గంటలకు బయల్దేరుతున్నారని అడిగి, దాన్నిబట్టి చెప్తాం. ఈ ఆటలో మ్యాప్ కూడా అంతే. బురద నేల మీద ఒక గడి నడిస్తే ఖర్చు ఎక్కువ, రాళ్లు పరిచిన రోడ్డు మీద తక్కువ. హీరో వెంట ఉన్న సైన్యంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ఎవడో వాడి వేగాన్నిబట్టే ఆ రోజు నడక ఉంటుంది. వేగంగా కదిలే పది గ్రిఫిన్‌ల (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న జీవులు) మధ్య ఒక్క జాంబీని (నడిచే శవాన్ని) పెట్టుకున్నా పొద్దున్న లేవగానే నడక తగ్గుతుంది. ఇది తెలిసిన రోజున మ్యాప్ మొత్తం వేరేలా కనిపిస్తుంది. మూడు అంగుళాల అవతల ఉన్న బంగారు గని రెండు రోజుల దూరమని, దూరంగా కనిపించేది రోడ్డు పక్కనే ఉంది కాబట్టి ఒక్కరోజు దూరమని అర్థమవుతుంది.

ఇక లేవలేకపోవడం సంగతి. నిజంగా కట్టిపడేసేది ఇదే. ఈ ఆటలో అన్నీ ఒకేసారి చేతికి రావు. బంగారం రోజూ వస్తుంది. సైనికులు మాత్రం వారంలో మొదటి రోజునే పుడతారు. మా ఇంట్లో దాన్ని జీతాల రోజు అనేవాళ్లం. నీటి చక్రం, గాలిమర వారానికి ఒకసారే ఇస్తాయి. నెల మారితే ఫలానా ప్రాణి నెల అని ప్రకటన వచ్చి ఆ జాతి రెట్టింపు కావచ్చు, తెగులు నెల వచ్చి అందరికీ సగానికి సగం పోవచ్చు. హీరో స్థాయి పెరగడం మాత్రం ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు, యుద్ధాన్నిబట్టి ఎప్పుడైనా రావచ్చు. ఈ గడువులన్నీ ఒకదానితో ఒకటి కలవవు. ఈ రోజు పని అయింది, ఇక ఆపేద్దాం అనుకుంటారా, రేపు రోజువారీ బంగారం పెంచే సిటీ హాల్ పూర్తవుతుంది. అది చూసి లేద్దాం అనుకుంటారా, ఎల్లుండి జీతాల రోజు. సైన్యం కొన్నాక చేతిలో అంతమందిని పెట్టుకుని పడుకోలేం కదా, ఎవరి మీదికైనా వెళ్లాలి. ఎక్కడ తుంచినా ఒక పోగు వేలాడుతూనే ఉంటుంది. ‘ఇంకొక్క రోజు ఆడి లేస్తా’ అని మా అన్నయ్య పెద్దమ్మతో అన్నది ఎన్నిసార్లో లెక్కలేదు.

ఇందులో మోసమేమీ లేదని కూడా చెప్పాలి. ఈ రోజుల్లో ఫోన్ ఆటల్లో కూడా ఎదురుచూపు ఉంటుంది, నాలుగు గంటలాగు, లేదంటే డబ్బు కట్టు అంటాయి. ఇక్కడ ఎదురుచూపు మీ ప్లాన్‌లో భాగం. ఆ రోజులన్నీ మీరే ఖర్చు పెడతారు, ఎలా ఖర్చు పెట్టారో దానికి ఫలితం మీరే చూస్తారు.

లెక్క ఎంత చక్కగా కుదిరిందో ఒకటి చూపిస్తాను. మామూలు విలేజ్ హాల్ రోజుకు 500 బంగారం ఇస్తుంది. 2500 పెట్టి టౌన్ హాల్ కడితే 1000 వస్తుంది. మరో 5000 పెట్టి సిటీ హాల్ కడితే 2000. ఆపైన 10000 పెట్టి క్యాపిటల్ కడితే 4000. పెరిగినదాన్ని పెట్టిన డబ్బుతో పోల్చి చూడండి, మూడింట్లో దేనికైనా అసలు తిరిగి రావడానికి సరిగ్గా ఐదు రోజులే. అంటే ఎప్పుడు కట్టినా లాభమే. అయితే రోజుకు ఒక్క కట్టడమే కదా. సిటీ హాల్ కట్టాలంటే ముందు సంత, కమ్మరి కొట్టు, మంత్రాల గిల్డ్ కట్టి ఉండాలి. అదే రోజులను సైనికుల ఇళ్ల మీద, కోట గోడ మీద పెట్టొచ్చు. కోట పూర్తయితే వారానికి పుట్టే సైనికులు రెట్టింపవుతారు. జీతాల రోజుకు ముందు కోట పూర్తయిందా లేదా అన్నది ఆ వారం మొత్తాన్ని తేలుస్తుంది. ఏడు రోజులు, పది పన్నెండు పనులు. ఏవి వదులుకోవాలన్నదే అసలు ప్రశ్న, దానికి ఒకే జవాబు లేదు. చుట్టుపక్కల కలప మిల్లు ఉందా, పక్కవాడు ఎంత దూరంలో ఉన్నాడు అన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

నిధి పెట్టెలు కూడా అంతే. దారిలో పెట్టె దొరికితే 2000 బంగారం కావాలా, 1500 అనుభవం (హీరో స్థాయి పెంచే పాయింట్లు) కావాలా అని అడుగుతుంది. చిట్టీ వేసినవాళ్లకు ఈ టెన్షన్ తెలుసు. మొదటి నెలల్లో పాడుకుంటే చేతికొచ్చేది తక్కువ, ఆగితే ఎక్కువ, కానీ అవసరం ఇప్పుడుంది. మొదటి వారంలో బంగారం తీసుకుంటే సిటీ హాల్ ఒకరోజు ముందు లేస్తుంది. అనుభవం తీసుకుంటే హీరో ఆట చివరి దాకా బలంగా ఉంటాడు. నా పద్ధతి చెప్తాను, మీరు మార్చుకోండి: ముఖ్య హీరో తీస్తే అనుభవం, వెనకాల తిరిగే చిన్న హీరోలు తీస్తే బంగారం.

యుద్ధం విషయానికొస్తాను. ఇది విడిగా తెరుచుకునే షడ్భుజాల గళ్ల మైదానం, అడ్డంగా 15 గళ్లు. చిన్నప్పుడు అరుగు మీద గీసుకుని పులిజూదం ఆడినవాళ్లకు ఇక్కడి తృప్తి వెంటనే అర్థమవుతుంది. బలం పులిదే అయినా మేకలను సరైన చోట పెట్టినవాడు గెలుస్తాడు.

ఒక యుద్ధం చెప్తాను. క్యాసిల్ అనే రకం ఊరు నాది, నాలుగో వారం. బంగారు గని ముందు డెండ్రాయిడ్లు, అంటే నడిచే చెట్లు, మూడు గుంపులుగా నిలబడ్డాయి. ఒక్కో చెట్టుకు 55 ప్రాణం, దగ్గరికొస్తే నా విలుకాళ్లను నుజ్జు చేస్తాయి. నా దగ్గర 40 మంది మార్క్స్‌మన్‌లు, అంటే విలుకాళ్లు, ఉన్నారు, ఒక్కో వంతులో రెండేసి బాణాలు వేస్తారు. కొత్తగా ఆడేవాళ్లు యుద్ధం తెరుచుకోగానే బాణం వేసేస్తారు. పది గళ్లకు మించిన దూరం నుంచి వేస్తే దెబ్బ సగమే తగులుతుంది, తెర మీద విరిగిన బాణం గుర్తు కనిపిస్తుంది. నేను వేయలేదు, వెయిట్ నొక్కాను. వెయిట్ చేసినవాడి వంతు ఆ రౌండ్ చివర మళ్లీ వస్తుంది. చెట్లు ముందుకు జరిగాయి, పది గళ్ల లోపలికి వచ్చాయి, అప్పుడు వేశాను. అదే రౌండ్, అవే బాణాలు, దెబ్బ రెట్టింపు.

ఇంకో పని ముందే చేసి పెట్టుకున్నాను. పైక్‌మన్‌లను, అంటే ఈటెవాళ్లను, ఒక్కొక్కరిని ఒక్కో విడి దళంగా విడగొట్టి ముగ్గురిని తెచ్చాను. చెట్టు రౌండుకు మూడు గళ్లే నడుస్తుంది. దాని దారిలో ఒక్క ఈటెవాడు నిలబడితే ముందు వాడిని కొట్టాలి, ఆ కొట్టడంలో ఒక వంతు పోతుంది. ఆ వంతులో నా విలుకాళ్లు మళ్లీ 80 బాణాలు వేస్తారు. రౌండుకొకడిని ముందుకు పంపాను. చివరి చెట్టు నా విలుకాళ్లకు రెండు గళ్ల దూరంలో పడిపోయింది. పోయింది ముగ్గురు ఈటెవాళ్లు, మనిషికి 60 చొప్పున 180 బంగారం. వచ్చింది రోజుకు 1000 ఇచ్చే గని.

ఆ ముగ్గురినీ అలా పంపమని ఆట ఎక్కడా చెప్పదు. నియమాలు నాలుగైదే. ఒక దళం రౌండుకు ఒక్కసారే ఎదురుదెబ్బ కొడుతుంది, దూరం పెరిగితే బాణం సగం, పక్కన శత్రువు ఉంటే విలుకాడు విల్లు ఎత్తలేడు, వెయిట్ చేస్తే చివర వంతు. ఈ నాలుగింటినీ కలిపి ఒక ఉపాయం మీ బుర్రలోనే పుట్టాలి. పుట్టిన రోజు కలిగే సంతోషం ముందు కొత్త ఆటల బొమ్మల సోకు నాకైతే ఆనలేదు. ఎదురుదెబ్బ నియమం ఒక్కటే చూడండి: ముందు బలహీనుడిని పంపి ఎదురుదెబ్బ వాడి మీద ఖర్చు చేయిస్తే, వెనకే వచ్చిన బలవంతుడు ఉచితంగా కొడతాడు. గ్రిఫిన్ మాత్రం రెండుసార్లు ఎదురు కొడుతుంది, రాయల్ గ్రిఫిన్‌కు లెక్కే లేదు. నియమం నేర్చుకున్న కొద్దిసేపటికే దాన్ని దాటేవాడు ఎదురవుతాడు.

శత్రువు ఎంతమందో కూడా సరిగ్గా చెప్పరు. మాటల్లో చెప్తారు. ఫ్యూ అంటే 1 నుంచి 4, సెవరల్ అంటే 5 నుంచి 9, ప్యాక్ 10 నుంచి 19, లాట్స్ 20 నుంచి 49, హోర్డ్ 50 నుంచి 99. ప్యాక్ అన్నప్పుడు పదా, పంతొమ్మిదా? పదైతే ఈ రోజే గెలుస్తాను, పంతొమ్మిదైతే సైన్యం సగం పోతుంది. పులిజూదంలో, చదరంగంలో అన్నీ కళ్లముందే ఉంటాయి. ఇక్కడ సగం తెలుసు, సగం తెలియదు, ఊహించడానికి కావాల్సినంత మాత్రం తెలుసు. నాకీ పాళ్లు చాలా సరిగ్గా కుదిరాయనిపిస్తుంది.

మీరు రెండో నెలలో ఎందుకు ఓడిపోతున్నారో కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే అది తెలిశాక ఆట ఇంకా లాగుతుంది. మీకు ఒక్క హీరోనే ఉండి ఉంటాడు. రెండో హీరోకు 2500 బంగారం దండగ అనిపిస్తుంది. కానీ మీరు కొంటున్నది మనిషిని కాదు, రోజూ ఇంకో నడకను. ముఖ్య హీరో యుద్ధాలు చేస్తూ పోతుంటే చిన్న హీరో వెనకాల కలప ఏరతాడు, గాలిమర తిప్పుకొస్తాడు, ఊళ్లో పుట్టిన సైన్యాన్ని ముందుకు చేరవేస్తాడు. బస్తీలో నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలు చేతులు మారుతూ ఇంట్లోకి ఎలా వెళ్తాయో చూశారుగా, మనుషులు కదలరు, నీళ్లు కదులుతాయి. ఇక్కడా అంతే. ఒక హీరో రోజంతా నడిచి ఆగిన చోట ఇంకో హీరో కాచుకుని ఉంటే, సైన్యాన్ని అతని చేతికిచ్చి అదే రోజు మళ్లీ ముందుకు నడిపించొచ్చు. ఒక హీరో మూడు రోజుల్లో వెళ్లే చోటికి సైన్యం ఒక్కరోజులో చేరిపోతుంది. నేను ఆట మొదలుపెట్టాక ఇది గ్రహించడానికి ఏడాదికి పైగా పట్టింది.

రోజుల విలువ నాకు పూర్తిగా తెలిసింది 2002 వేసవి సెలవుల్లో. హాట్ సీట్ అని ఉంటుంది, ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడొచ్చు. అన్నయ్య, మా మేనత్త కొడుకు బావ, నేను. ఒకరి వంతు వచ్చినప్పుడు మిగతా ఇద్దరం వరండాలోకి వెళ్లిపోవాలి, తెర చూడకూడదు. కూలర్ గదిలోనే ఉండిపోయేది, మేం బయట ఎండలో కూర్చుని లోపల మౌస్ చప్పుళ్లు లెక్కపెట్టేవాళ్లం. ఎక్కువసేపు చప్పుడు లేకపోతే పెద్ద నిర్ణయమేదో జరుగుతోందని అర్థం.

బావకు రెండు ఊళ్లూ పోయాయి. ఒకటి అన్నయ్య తీసుకున్నాడు, ఒకటి నేను. ఊరు లేకుండా ఏడు రోజులు గడిస్తే ఆటలోంచి వెళ్లిపోవాలి, అది నియమం. అతనికి మిగిలింది ఒక్క హీరో, చేతిలో చిన్న సైన్యం. అతని పని అయిపోయిందనుకున్నాం. నేనూ అన్నయ్యా ఒకరి మీదికి ఒకరం బయల్దేరాం. జీతాల రోజున నా ఊళ్లన్నింట్లో పుట్టినవాళ్లందరినీ కొని ముఖ్య హీరోకు ఇచ్చేశాను, వెనక ఊళ్లో పదిమంది ఈటెవాళ్లను కూడా పెట్టలేదు. బావ వంతులు చాలా త్వరగా అయిపోయేవి. వచ్చి నా పక్కన కూర్చుని ఏమీ మాట్లాడేవాడు కాదు.

ఆరో రోజు అతను లోపలికి వెళ్లాక మౌస్ చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఊరు పట్టుకున్నప్పుడు వినిపించే సంగీతం వచ్చింది. నా వెనక ఊరు. నా సైన్యం అక్కడికి రెండు రోజుల దూరంలో ఉంది. మర్నాడు ఏడో రోజు, ఆ మర్నాడు జీతాల రోజు. నా ఊళ్లో పుట్టే దళాలన్నీ ఇప్పుడు బావవి. నేను వెనక్కి తిరిగితే అన్నయ్య ముందుకొస్తాడు, తిరగకపోతే బావ బలపడతాడు. చివరికి ఆ ఆట అన్నయ్య గెలిచాడు. కానీ ఇరవై ఏళ్లు దాటినా పండక్కి కలిస్తే మేం చెప్పుకునేది బావ నడిచిన ఆ ఆరు రోజుల గురించే.

అప్పటి నుంచి నేను ఏ ఊరి మీదికి వెళ్లినా ముందు వారంలో ఎన్నో రోజో చూస్తాను. శత్రువు ఊరిని ఏడో రోజు పట్టుకుంటే మర్నాడు పుట్టేవాళ్లు మీవాళ్లు. అదే ఊరిని ఒక రోజు ఆలస్యంగా, అతను కొనేసుకున్నాక పట్టుకుంటే ఖాళీ గోడలు దొరుకుతాయి, పైగా ఆ సైన్యంతోనే పోరాడాలి. తేడా ఒక్కరోజే. ఓడిపోయిన ఆటల్లో చాలావాటికి నేను ఏ రోజు ఓడిపోయానో వేలు పెట్టి చూపించగలను. అదృష్టం, మనోబలం అని కొంత పాచిక ఉంది, నిజమే. అయినా ఓటమి నాకు అన్యాయంగా అనిపించింది చాలా తక్కువ. తప్పు ఎక్కడుందో కనిపిస్తే మనిషి మళ్లీ కూర్చుంటాడు.

లోపాలు లేవని అనను. పెద్ద మ్యాప్‌లో గెలుపు ఖాయమైపోయాక కూడా మిగిలిన ఊళ్లను ఏరుకుంటూ తిరగాలి, అది విసుగే. నెక్రోపోలిస్ ఊరివాళ్లు ప్రతి యుద్ధం తర్వాత చచ్చినవాళ్లలోంచి అస్థిపంజరాలను లేపుకుంటూ పోతుంటే మిగతావాళ్లకు సమానమైన పోటీ ఉండదు. ఆట చివర్లో హీరోను క్షణంలో దూరం దూకించే టౌన్ పోర్టల్, డైమెన్షన్ డోర్ లాంటి మంత్రాలు దొరికితే, నేను ఇంతసేపూ చెప్పిన నడక లెక్కలన్నీ చెదిరిపోతాయి. మేం ఇంట్లో డైమెన్షన్ డోర్ వాడకూడదని ఒప్పందం పెట్టుకున్నాం, ఆట బాగుపడింది.

దీన్ని తయారుచేసింది న్యూ వరల్డ్ కంప్యూటింగ్, విడుదల చేసింది త్రీడీఓ. 2003లో త్రీడీఓ దివాలా తీశాక హక్కులు యూబీసాఫ్ట్‌కు వెళ్లాయి. 2015లో వచ్చిన హెచ్‌డీ వెర్షన్‌లో బొమ్మలు బాగున్నా ఆర్మగెడ్డాన్స్ బ్లేడ్, షాడో ఆఫ్ డెత్ అనే రెండు విస్తరణలూ లేవు. మీరు కొంటే రెండూ కలిపి ఉన్న కంప్లీట్ తీసుకోండి. అభిమానులు తయారుచేసిన హార్న్ ఆఫ్ ది అబిస్ దాని మీదే పనిచేస్తుంది, కొత్త ఊళ్లు కలుస్తాయి. పాతికేళ్ల తర్వాత కూడా ఆట ఇంత బతికి ఉండటానికి వాళ్ల శ్రమ పెద్ద కారణం.

ఈసారి చిన్న మ్యాప్ తీసుకోండి, ఒక్క ప్రత్యర్థి చాలు. కష్టం స్థాయిలకు చదరంగం పావుల గుర్తులుంటాయి, గుర్రం దగ్గర మొదలుపెట్టండి, రాజు జోలికి ఇప్పుడే వద్దు. మొదటి రోజే రెండో హీరోను కొనండి, అతని సైన్యం కూడా ముఖ్య హీరోకు ఇచ్చేయండి, రెండో హీరోకు వేగంగా నడిచే ఒక్కడిని మాత్రం వదలండి. మొదటి వారంలోపు సిటీ హాల్ లేచేలా చూసుకోండి.

నిద్ర సంగతి కూడా అడిగారు కాబట్టి నేను పాటించేది చెప్తాను. ఆరో రోజో ఏడో రోజో ఎప్పుడూ ఆపకండి, మంచం ఎక్కినా లెక్కలు ఆగవు. వారం మొదటి రోజు సైన్యం కొని, హీరోకు అప్పజెప్పి, ఇంకా ఒక్క అడుగు కూడా వేయకముందే సేవ్ చేసి లేవండి.